చివికిన వలకు అతుకు

గంగమ్మ తల్లి మీద ఒట్టు. ఇందులో ప్రతి మాటా నిజం. నవ్వకండి. ఫిషింగ్ హార్బర్‌లో నా ఒట్టుకు ఎంత విలువో నాకు తెలుసు. సొరచేప వీపెక్కి భీమిలి దాకా వెళ్లొచ్చానని చెప్పుకున్నవాణ్ణి. కానీ ఇన్నేళ్లుగా గుండెల మీద లంగరులా కూర్చున్న ఈ ఒక్కటీ ఎవరికీ చెప్పలేదు. మీకే.

సునామీ వచ్చిన కొన్నేళ్లకు మా అక్క మొగుడు నూకరాజు బావ కాలేయంలో క్యాన్సర్ గడ్డ బయటపడింది. పాత కామెర్ల వల్ల కాలేయం మొత్తం అప్పటికే గట్టిపడిపోయింది. డాక్టరు రెండు దారులు చెప్పాడు. గడ్డ మేరకు కోసేయడం ఒకటి. కానీ మిగిలిన కాలేయం ఆ కోతకు తట్టుకోకపోవచ్చు, గడ్డ మళ్లీ పుట్టనూవచ్చు. రెండోది, హైదరాబాదులో కాలేయమే మార్చడం. దానికి అయినవాళ్లెవరైనా తమ కాలేయంలో ముక్క ఇవ్వాలి. పరీక్షల్లో సరిపోయింది నాదొక్కటే. అక్క పడవ అమ్మడానికి సిద్ధపడింది.

నేనేం ఆలోచించాను? నా పొట్ట గురించి. దాని మీద పడే కత్తి గురించి. భయంగా ఉందని ఒక్క మాట అంటే పోయేదిగా? సిగ్గులేని నోరు. దానికి కథలే వచ్చు.

మర్నాడు బావ జెట్టీ మీద వల బాగుచేస్తూ అడిగాడు.

"ఒరే, చివికిన వలకి అతుకేత్తే ఆగుద్దేటి? సుట్టూరా దారం పుచ్చిపోనాది గదా."

"లివరంటే వలేటి బావా! పూడిమడకలో నా నేస్తం ఒకడున్నాడు. నీనాగే గడ్డ. కోయించుకున్నాడు. నెల తిరక్కుండా ఏటకెల్లి మనిసంత కొమ్ముకోనం సేపని ఒంటిసేత్తో లాగినాడు. మార్పిడంటావా, ఇచ్చినోడూ పోతాడు, పుచ్చుకున్నోడూ పోతాడు."

అలాంటివాడు పుట్టనే లేదు. బావ పకపకా నవ్వి, నా మాట నమ్మాడు. కోతకే ఒప్పుకున్నాడు. గడ్డ తీశారు. మిగిలిన కాలేయం కోలుకోలేదు. కళ్లు పచ్చబడ్డాయి, పొట్ట నీటితో ఉబ్బింది. ఆస్పత్రి నుంచి బావ మళ్లీ వేటకు రాలేదు.

బావ దినం నాడు అందరూ నా చుట్టూ చేరి "ఓ కత సెప్పరా, మనసు తేలికపడుద్ది" అన్నారు. చెప్పాను! నవ్వించాను! నా నోరు కాలిపోను, ఒక్కడైనా నా చెంప పగలగొట్టలేదేం? బావ మీదా మండిపోయేవాణ్ణి. మబ్బు చూసి గాలి చెప్పేవాడివి, నా మొహం చూసి అబద్ధం పట్టలేకపోయావా?

ఒట్టేశాను గదా. అయినా ఇక్కడా ఒకటి కల్పించాను. బావ నవ్వలేదు. నమ్మనూలేదు. వల మీంచి చెయ్యి తీయకుండా నన్నే చూసి, మెల్లగా అన్నాడు:

"సర్లేరా. నీకు బయ్యమైతే నాను కోతకే ఎల్తాను. మీ అక్కకి మాత్రం ఆ కతే సెప్పు."

చెప్పాను. ఆ పూడిమడకవాడు బాగున్నాడా అని అక్క ఇప్పటికీ అడుగుతుంది. బాగున్నాడనే చెబుతున్నాను.

వాడు లేడు. ఇదిగో, అనేశాను.