‘లేదు’ అని రాసింది నేనే

ఏడేళ్లుగా ఒక్క మాటను మింగలేక కక్కలేక తిరుగుతున్నాను. ఇంట్లోవాళ్లకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనివ్వను. పిరికితనమే. అలాగైనా చెప్పనివ్వండి.

ధవళేశ్వరం దిగువన కాలువ లాకుల దగ్గర తలుపులెత్తి దించే లస్కరుగా నా ఉద్యోగమంతా గడిచింది. అయిదో తరగతితో బడి మానేశాను. మిగతా చదువు లైబ్రరీలో, పొట్లాల కాగితాల మీద నాకు నేను చదువుకున్నదే. అందుకే డిగ్రీలవాళ్ల మీద నాకు ఎప్పుడూ ఒక మంట. రిటైరయ్యాక, రాజమండ్రిలో ఒక ఆరోగ్య సర్వేకి ఫోన్లో మాట్లాడే మనుషులు కావాలంటే వెళ్లాను. గొంతు బాగుందని తీసుకున్నారు.

జనం ఆరోగ్యం గురించి ఫోన్లో అడగడానికి ఏ పద్ధతి మేలో తేల్చే సర్వే అది. ముందు మిషను ఫోన్ చేస్తుంది. రికార్డు చేసిన ఆడగొంతు ప్రశ్న అడుగుతుంది. అవునంటే ఒకటి, కాదంటే రెండు నొక్కాలి. మూడు రోజులాగి అదే ఇంటికి మనిషి ఫోన్ చేస్తాడు. ఎవరు ఎక్కువమందిని చివరిదాకా నిలబెట్టారో, ఎవరు నిజం రాబట్టారో చూస్తారు. నాకు ఒళ్లు మండింది. మనిషి కష్టం అడగడానికి మనిషి చాలడా? ఆ మిషన్ని ఓడించి తీరాలనుకున్నాను.

ఇంట్లో ఎవరికైనా విరేచనాలు పట్టుకున్నాయా అన్న ప్రశ్నకు ‘లేదు’ అని రాస్తే నేరుగా తర్వాతి ప్రశ్నకు పోవచ్చు. ‘అవును’ అని రాస్తే ఇంకో పాతిక ప్రశ్నలు. సగంలోనే జనం విసిగి ఫోన్ పెట్టేస్తారు, ఆ కాల్ దండగ కింద లెక్క. మిషనుకు ఆ పాతికా లేవు. ఇదేం న్యాయం? ఒకే ఊళ్లో చాలామంది ‘అవును’ అంటే ఆ ఊరి పేరు ఆరోగ్య కేంద్రానికి పంపాలన్న నియమం కూడా ఉంది. అది నాకు తెలుసు. తెలిసే చేశాను.

వేసవి. కాలువలు కట్టేసిన రోజులు. సముద్రం పక్క శివారు ఊళ్లవాళ్లు ముందే నింపుకున్న చెరువు నీళ్లే తాగుతారు. ఎండలు ముదిరేకొద్దీ ఆ నీళ్లు ఎలా మారతాయో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. ఏళ్ల తరబడి ఆ తలుపులు దించిన చేతులు నావి. చేపలవేట మీద బతికే అలాంటి ఒక పల్లెలో నూకరత్నం అనే ఆవిడ ఫోనెత్తింది.

“మా ఆయన వల కుట్టుకుంటన్నాడండి, పిలమంటారా?”

“నీతోనే మాట్లాడాలమ్మా. ఆరోగ్య సర్వే.”

“మొన్న ఒకావిడ చేసిందండి. ఒకటి నొక్కమంది, నొక్కాను. తర్వాత ఎంత పలకరించినా ఉలకదు పలకదు. అంత పొగరేంటండి ఆవిడికి?”

“అది మనిషి కాదమ్మా, మిషను.”

“ఓలమ్మో! నా బాధలన్నీ చెప్పుకున్నానండి దానికి.”

ఇద్దరం నవ్వుకున్నాం. విరేచనాల సంగతి అడిగాను.

“ఎందుకు పట్టుకోలేదండి? నాకూ, మా అత్తకీ, పక్కింటోళ్లకీ. చెరువు నీళ్లు కంపు కొడతన్నాయండి. మీరు మనిషేగా, ఎవరికైనా చెప్తారా?”

“చెప్తానమ్మా,” అన్నాను.

అని, ‘లేదు’ అని రాశాను. ఆ ఊళ్లో ఆ వారం నేను మాట్లాడిన ప్రతి ఇంటికీ అలాగే రాశాను. ఒక్క కాల్ కూడా తెగలేదు.

అక్కడితో ఆగినా ఇంత బరువుండేది కాదేమో. మా పని చూసే పై ఉద్యోగి, డిగ్రీలు చదివిన కుర్రాడు, మిషను జవాబులూ నా జవాబులూ పక్కపక్కన పెట్టి అడిగాడు: “బాబాయిగారూ, ఈ ఊళ్లో మిషనుకు అన్నీ ఒకట్లే వచ్చాయండి. మీకు ఒక్కటీ లేదేంటి?”

“వాళ్లకి నొక్కడం తెలీదు బాబూ. ముందు వినపడ్డ నంబరు నొక్కేస్తారు,” అన్నాను.

అతను తలూపి మిషను జవాబులు కొట్టేశాడు. ఊరి పేరు ఆరోగ్య కేంద్రానికి వెళ్లలేదు. నన్ను నమ్మాడు. జీవితంలో మొదటిసారి ఒక డిగ్రీలవాడు నన్ను నమ్మాడు, నేను ఆ నమ్మకాన్ని దేనికి వాడుకున్నానో చూడండి. ఆ పల్లెవాళ్లకు తెలివి లేదని చెప్పి గెలిచాను. బడి చదువు లేదని జీవితమంతా నన్ను ఎవరు చిన్నచూపు చూసినా మండిపడిన నేను!

నెల తర్వాత రెండో విడతలో ఆ నంబరే మళ్లీ నాకొచ్చింది. ఆవిడ భర్త ఎత్తాడు. నూకరత్నం ఉందా అని అడిగాను.

“విరేచనాలతో పోయిందండి. పదకొండో రోజు కూడా అయిపోయింది. ఇంకా ఏమన్నా అడగాలాండి?”

ఎంత మర్యాదగా అడిగాడో. ఫోన్ పెట్టేసి, కాగితం మీద ‘మనిషి దొరకలేదు’ అని రాశాను. ఆ గడి ఉంది మరి.

నేను ‘అవును’ అని రాసి ఉంటే బతికేదా? తెలియదు. చాలాకాలం ఆ ‘తెలియదు’ వెనకే దాక్కున్నాను. మంచినీళ్ల ట్యాంకరు వచ్చేదేమో, నర్సు వచ్చేదేమో, ఎవరూ వచ్చేవారు కాదేమో. కానీ రాకుండా చేసింది మాత్రం నేనే. రిపోర్టులో మనిషి అడిగితేనే నిజం వస్తుందని రాశారట. దాన్ని చూసి ఇంకెన్ని చోట్ల నాలాంటివాళ్లను కూర్చోబెట్టారో, వాళ్లేం రాస్తున్నారో. అది తలచుకుంటే మాత్రం భయమేస్తుంది.

క్షమించమని ఎవర్ని అడగను? ఆవిడ భర్తకు ఈ సంగతి తెలియదు. చెప్పే ధైర్యం ఇవాళ్టికీ లేదు. మీకు చెప్పాను. ఆ మిషను నిజమే చెప్పింది. అబద్ధం ఆడింది నేను. ఇంతవరకు ఈ రెండు ముక్కలూ నా చేత్తో రాయలేకపోయాను. ఇప్పుడు రాశాను.