అట్ట మీద పైడిరాజు

తాతబాబు తన జీవితంలో వాయించిన రికార్డు ఒకే ఒక్కటి. దాని అట్ట మీదున్న పేరు మాత్రం వాళ్ల నాన్నది.

నలభయ్యేళ్ల కిందటి సంగతి. డెన్మార్క్‌లో ఒక సైకిళ్ల కొట్టు వెనకగదిలో ముగ్గురు స్నేహితులు పెట్టుకున్న చిన్న జాజ్ రికార్డుల కంపెనీ వేసిన రికార్డు అది. పెద్ద కంపెనీలకు లొంగకుండా, దేశదేశాలు తిరిగి వాయిద్యగాళ్లను వెతికేవారు. కౌలాలంపూర్ వచ్చినప్పుడు శాక్సాఫోన్ పక్కన మృదంగం కావాలన్నారు. బంటింగ్ అనే ఊరి దగ్గర రబ్బరు ఎస్టేట్ రామభజనలో వాయించే తాతబాబును ఎవరో చూపించారు. అతను ఒక మధ్యాహ్నం కూర్చుని వాయించాడు. పేరు రాసుకుంటామంటే గుర్తింపు కార్డు చేతికిచ్చాడు. మలేసియా కార్డులో ముందు మన పేరు, చివర తండ్రి పేరు ఉంటాయి. ఒక్క మాట అడిగితే ఏం పోయేదో, ఆ దొరలు చివరిదాన్నే పట్టుకుని "మృదంగం: పైడిరాజు" అని అచ్చేశారు.

పైడిరాజు రబ్బరు చెట్లు గీసే మనిషి. తోలు మీద కొడితే అన్నం పుడుతుందా అని కొడుకును తిట్టని రోజు లేదు. అలాంటివాడు, రికార్డు పోస్టులో రాగానే అట్ట చంకన పెట్టుకుని కల్లుదుకాణానికి వెళ్లి, ఇదిగో నా పేరు అని అందరికీ చూపించుకున్నాడు. సొమ్మొకడిది, సోకొకడిది. తాతబాబుకు ఒళ్లు మండింది. నోరెత్తితే ముసలాయన నలుగురిలో నవ్వులపాలవుతాడని మింగి ఊరుకున్నాడు. తండ్రి పోయినా, గ్లవ్స్ ఫ్యాక్టరీలో తాను రిటైరైనా ఆ మంట మాత్రం చల్లారలేదు.

నిరుడు ఆ కంపెనీ తన యాభయ్యేళ్ల చరిత్రను పుస్తకంగా వేస్తూ, రామమందిరం కమిటీ ద్వారా ఆచూకీ పట్టి, పైడిరాజుగారి ఫోటో పంపమంది. ఇన్నాళ్లకు దారి దొరికిందనుకున్నాడు తాతబాబు. వాయించింది నేనని కూతురు సుగంధి చేత ఈమెయిల్ రాయించి, తన ఫోటో పెట్టించాడు. వారం తిరక్కుండా దిద్దిన పేజీ వచ్చింది: "మృదంగం: పైడిరాజు, ఆయన కుమారుడు తాతబాబు."

"నేనొక్కన్నే వాయించినాను. ముసలోడు భజనకాడికైనా ఎప్పుడూ రానేదు," అని ఇల్లంతా తిరిగాడు. తండ్రే కదా, ఉండనీయమంది భార్య కూర్మమ్మ. వినలేదు. మళ్లీ రాయించాడు. ఈసారి వాళ్లు మర్యాదగానే అడిగారు, మరి పైడిరాజు ఎవరు అని.

"ఏటి రాయమంతావు నాన్నా?" అంది సుగంధి.

"వాయించనేదని రాయి. పేరు తీసెయ్యమను."

"తాత ఎవులో సెప్పొద్దా?"

"అక్కర్నేదు. అదే సాలు."

ఈ నెల పుస్తకం వచ్చింది. "మృదంగం: తాతబాబు" అని సరిగ్గానే ఉంది. ఫోటో కూడా బాగా పడింది. తాతబాబు దాన్ని ఒక్క క్షణం చూసి పేజీలు తిప్పసాగాడు. చివరనున్న పేర్ల పట్టిక దాకా వెళ్లి, ఒక్కొక్క పేరు మీద వేలు పెట్టి మరీ చూశాడు. ఏం వెతుకుతున్నావని కూర్మమ్మ అడిగింది.

"మా నాన్నని," అన్నాడు. "ఎక్కడా కనపడనేదు. నేనే తీయించేసినాను."