సంచి కుట్టు వేసిన పేజీలు

మంగళవారం, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలు. పలాసలో గ్రంథాలయ అటెండరుగా నాకది ఆఖరి సంవత్సరం. అటెండరంటే ఆఫీసులో అందరికన్నా కింది మెట్టు. ఊడ్చాలి, సర్దాలి, చేతికొచ్చిన ప్రతి పుస్తకాన్నీ తిరగేసి చిరిగిందా, కుట్టు ఊడిందా చూడాలి. ఆ తర్వాతే గ్రంథపాలకురాలు సుజాత మేడం తేదీ ముద్ర వేస్తారు. చేరినప్పుడు నాకు అక్షరం ముక్క రాదు. పుస్తకాల్ని అట్ట రంగును బట్టి సర్దేవాణ్ణి, తప్పు సర్దేవాణ్ణి. నలభై దాటాక చదువు నేర్చుకున్నాను. ఇప్పటికీ వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదువుతాను.

ఆ రోజు కూర్మారావు ఒక నవల గడువు పొడిగించుకోవడానికి వచ్చాడు. ఉద్దానం మనిషి, జీడిపిక్కల సంచులు కుట్టి, మోసి బతికినవాడు. కిడ్నీలు పాడై డయాలసిస్‌కు ఇక్కడి ఆసుపత్రికి వస్తున్నాడు. మిషను మీద ఉన్న నాలుగు గంటలూ భార్య దాలమ్మ పక్కన కూర్చుని పుస్తకం చదివి వినిపిస్తుంది. అతనికి చదువు రాదు. ఆమె ఆసుపత్రిలో చీటీ కోసం వరసలో నిలబడి, ముద్ర వేయించుకు రమ్మని అతన్ని పంపింది.

నవల ఎవరో కొత్త అమ్మాయి రాసిన మొదటి పుస్తకం. మావైపు ఊళ్ళోనే కథ. కిడ్నీ జబ్బు మొగుడు, అతన్ని సాకే పెళ్ళాం. తిరగేస్తుంటే మధ్యలో ఆరు కాగితాలు కలిపి కుట్టేసి ఉన్నాయి. అది బైండింగు కుట్టు కాదు. ఎవరు కుట్టారని కటువుగానే అడిగాను.

"మా దాలమ్మే. సంచి మూతి కుట్టు మావా, నానే నేర్పినాను. ఈ కొస లాగితే మొత్తం వచ్చీసిద్ది. నాకు సదవకుండా దాటీసింది. ఏటుందో నువ్వు సదువు."

మొగుడు చచ్చిపోయే ఘట్టమై ఉంటుందని, నేను చదవనన్నాను.

"సావు నాకు కొత్తేటి?" అని తనే కొస లాగేశాడు.

చదివాను. రెండు వాక్యాలకే విసుక్కున్నాడు. "సదువుతన్నావా, పిక్కలు ఏరతన్నావా?"

ఆ పేజీల్లో ఎవరూ చావలేదు. మొగుడు మిషను మీద ఉండగా పెళ్ళాం ఇడ్లీలకని బయటకు వెళ్తుంది. ఎదురుగా బస్సు ఆగితే ఎక్కేస్తుంది. ఇక నా వల్ల కాదు, తిరిగి రాను, అనుకుంటుంది. నాలుగో స్టేజీలో దిగి వెనక్కి వస్తుంది. హోటల్లో రద్దీ అని చెబుతుంది.

నా వేలు అక్కడే ఆగిపోయింది. ఏనాడూ ఎవరూ పైకి అనని మాటను ఆ అమ్మాయి ఎక్కడ విన్నదో నాకిప్పటికీ అంతుపట్టదు.

కూర్మారావు ఊడిన దారాన్ని వేలికి చుట్టుకున్నాడు. తర్వాత మెల్లిగా అన్నాడు. "ఆ దినం ఇడ్లీలు సల్లారిపోనాయి మావా. మా దాలమ్మ కూడా రద్దీ అనే సెప్పింది. దాని సంచిలో బస్సు టికెట్టు దొరికితే పక్క మంచం ఆయన సదివినాడు. హరిశ్చంద్రపురం ఊరికి తీసినది. నాకు తెలుసని దానికి తెలీదు. తెలవనీకు. దబ్బనం ఉందా? అది వచ్చీలోగా కుట్టీయాలి."

బైండింగు దబ్బనం నా సొరుగులోనే ఉంది. ఇచ్చాను. మిషను సూదులతో ఉబ్బిన చేత్తో, అవే రంధ్రాల్లోంచి అదే దారం ఎక్కించాడు. పుస్తకానికి నష్టం జరిగితే రిజిస్టరులో రాయాలని నియమం. సుజాత మేడం అంతా చూశారు, రిజిస్టరు తెరవకుండా ముద్ర వేశారు.

దాలమ్మ ఆయాసపడుతూ వచ్చింది. "ముద్దరేసినారా?"

"ఏసినారు. పద, మంచం ఇంకెవడికో ఇచ్చీగల్రు."

ఆమె పుస్తకం తీసుకుని, కుట్టు మీద బొటనవేలు ఒకసారి పోనిచ్చి, సంచిలో పెట్టుకుంది.

గడువుకు పుస్తకం తిరిగి వచ్చింది. కుట్టు విప్పేసి ఉంది, దారం లేదు. రిజిస్టరులో నా చేత్తోనే రాశాను: "సూది రంధ్రాలు. చదవడానికి అడ్డు లేదు."

పేజీలు సరిచూడడం అటెండరు పని. మూసిన పేజీని ఎవరి కోసం మూశారో తెలియకుండా తెరవకూడదని ఆ రోజు నేర్చుకున్నాను. నిదానంగా చదవడం తప్పు కాదని కూడా.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్ళు: సుజాత మేడం, కూర్మారావు, చివర్లో వచ్చిన దాలమ్మ, అటెండరు లచ్చుమన్న అనే నేను.