వజ్రమ్మ కొప్పులో స్క్రూడ్రైవరు

దుండిగల్ దగ్గరి ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో అటెండరు వజ్రమ్మ. ఆమె కొప్పులో ఎప్పుడూ సన్నటి స్క్రూడ్రైవరొకటి దోపి ఉంటుంది. పొద్దున్నే కరెంటు తరంగాన్ని గీసి చూపే పన్నెండు డిజిటల్ ఆసిలోస్కోపులనూ తుడిచి, తెరమీద చతురస్రపు తరంగం మూలలు నిటారుగా నిలబడేదాకా ఒక్కోదానికి తగిలించే ప్రోబు తీగకున్న చిన్న మరను తిప్పుతుంది. మొన్న ల్యాబు నడుస్తుండగా కొత్త లెక్చరరు సుస్మిత ఒక తెరమీద వంగిన మూలలు చూసి, "ఈ స్కోపు పాడైంది, పక్కన పెట్టెయ్" అంది. ఆ మాట వజ్రమ్మకు తననే అన్నట్టు తగిలింది. "స్కోపు మంచిగనే ఉన్నది మేడం. పిల్లలు పక్క టేబుల్ ప్రోబు తెచ్చి దీనికి పెట్టిన్రు. దేని ప్రోబు దానికే కుదురుతది" అని మరను పావుచుట్టు తిప్పింది. మూలలు నిక్కాయి. సుస్మిత నోటుబుక్కు తెరిచి, "మళ్లీ ఒకసారి చూపించు వజ్రమ్మా" అంది. వజ్రమ్మ మరను వెనక్కి తిప్పి, స్క్రూడ్రైవరు ఆమె చేతిలో పెట్టింది. "రాసుకుంటే రాదు మేడం. మీరే తిప్పున్రి."