అల్లుడుగారి టిఫిన్

మా మావగారు పోయారు. పోయిన గురువారం పొద్దున పటమటలోని మా ఫ్లాట్ బాల్కనీలో, కాఫీ బాగాలేదని నన్ను తిట్టి, ఆ కాఫీయే అడుగంటా తాగి, కుర్చీలోనే ఒరిగిపోయారు. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. నేను అలా మొదలుపెడితే ఆయనే లేచి వచ్చి "ఆపమ్మా నీ భజన" అంటారు. అందుకని ఉన్నదే చెబుతాను.

ఆయన జన్మంతా కైకలూరు వైపు రొయ్యల చెరువులు చేశారు. మా అత్తగారు పోయాక వాటిని లీజుకిచ్చి మా దగ్గరికి వచ్చారు. వచ్చిన రోజే హాల్లో నా ఉప్పునీటి అక్వేరియం ముందు నిలబడి, పగడాలనీ రంగు చేపలనీ ఎగాదిగా చూశారు.

"ఇందులో కూరకి పనికొచ్చేది ఒక్కటీ లేదేంటమ్మాయ్?"

"లేదండీ మావయ్యగారూ, చూసుకోవడానికే."

"మరి ఇంత కరెంటు తగలెయ్యడం ఎందుకు? టీవీ లేదా?"

ఆ తరవాత ఇంటికి ఎవరొచ్చినా, "మా కోడలు సముద్రాన్ని కొనుక్కుంది, ఉప్పు కూడా కొని పోస్తోంది" అని చూపించేవారు.

కొన్నాళ్ళకి తొట్టిలో నత్తలు పగిలిన గుల్లలై కనిపించసాగాయి. తరవాత చేపలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. లోపల్నించి ఎక్కడో టక్కు, టక్కు. "తొట్టిలో ఆటోనగర్ లారీల షెడ్డు పెట్టావా ఏంటి?" అని మావగారి వెటకారం. నా ప్రాణం మాత్రం మిగిలిన ఒక్కగానొక్క నారింజ చేప మీదే ఉంది. చేపలమ్మిన కొట్టువాడికి ఫోన్ చేస్తే ఆ మహానుభావుడు ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

"ఏదో పురుగు చేరుంటుంది మేడమ్. మందు పంపిస్తా, ఒక మూత పొయ్యండి. అన్నీ పోతాయి."

"అన్నీ పోతే ఇంకేం మిగులుద్దంట, వాడి మొహం?" అని మావగారు ఫోన్ కట్ చేయించారు. "చెరువుల్లో మేం చేసిన వెధవ పని అదే. రోగమేంటో తెలియకముందే డబ్బా ఎత్తేవాళ్ళం. పురుగుతో పాటు పంటా పోయేది. ముందు కళ్ళతో చూడాలమ్మా, ఆనకే చెయ్యి పెట్టాలి."

ఎంత గొప్ప మాట! ఆ సాయంత్రమే ఆయన పట్టకారుతో పచ్చిరొయ్య ముక్క పట్టుకుని తొట్టిలోని రాయి కన్నం దగ్గర నాకు దొరికిపోయారు. కన్నంలోంచి మీసాలు, పైన రెండు కళ్ళు. ఒక్కో కన్ను ఒక్కో వైపు తిరుగుతోంది.

"మన రొయ్యపిల్లేనమ్మా. నువ్వు కొనితెచ్చిన సముద్రపు రాయితో పాటు వచ్చింది. లక్ష్మి తనంతట తాను ఇంటికొస్తే పస్తు పెడతామా?"

రొయ్య మీసం కనిపిస్తే చాలు, మా డెల్టా మనిషికి బుద్ధి చెరువులో మునుగుతుంది. ఆయన చూసింది మీసాలే, మిగతాదంతా ఊహించుకున్నారు. అప్పుడే ఒక నత్త కన్నం పక్కగా పాకింది. టక్! గుల్ల రెండు చెక్కలైంది. ముడుచుకున్న సుత్తుల్లాంటి చేతులతో అది సగం బయటికొచ్చి నత్తని లాక్కుపోయింది. మావగారు పట్టకారు కింద పెట్టేశారు.

"ఇది మన రొయ్య కాదమ్మాయ్."

ఫోన్లో వెతికితే దాని పేరు మాంటిస్ ష్రింప్ అనీ, రాయి బయటికి తీసి కన్నంలో ఉత్త సోడా పోస్తే బయటపడుతుందనీ ఉంది. "సోడా ఏంటి, దానికి తిన్నది అరగలేదా?" అంటూనే వీధి చివర బండి దగ్గర సోడా తెచ్చారు. ఉప్పునీళ్ళ బకెట్ మీద రాయి వంచి పోయగానే అది గభాలున దూకింది. చంపెయ్యమన్నాను. నా చేపల్ని తినేసిందన్న కసి నాకు.

"ముద్దలు పెట్టి మేపింది నేను. వెధవాయిని నేనైతే దానికెందుకే శిక్ష?" అన్నారు. ఆయన తనని తాను తిట్టుకోగా వినడం అదే మొదలు.

గాజు పగలగొడుతుందని మందపాటి ప్లాస్టిక్ టబ్బులో పెట్టి, ఉప్పునీళ్ళు నింపి, గొట్టం ముక్క వేసి, బాల్కనీలో కాపురం పెట్టించారు. పేరు అల్లుడుగారు. తేరగా తింటాడు, గది దాటి రాడు, కోపమొస్తే సామాను పగలగొడతాడట. రోజూ కాఫీ అయ్యాక చెంచాతో టబ్బు అంచు మీద కొట్టి, "అల్లుడుగారూ, టిఫిన్" అనేవారు. లోపల్నించి టక్ అని జవాబు. నీళ్ళు మార్చే చాకిరీ నాది. అయితే ఆనాటి నుంచి కొత్త రాయి ఏదొచ్చినా విడిగా బకెట్లో పెట్టి, కళ్ళజోడు తుడుచుకుని, ప్రతి కన్నమూ చూసేదాకా తొట్టిలో వెయ్యనిచ్చేవారు కాదు. పెళ్ళిచూపులనేవారు దాన్ని. నా నారింజ చేప ఇవాళ బతికుందంటే అది ఆయన పుణ్యమే.

ఇప్పుడు ఇల్లంతా చుట్టాలు. ఆయనుండగా గుమ్మం తొక్కనివాళ్ళు కూడా టబ్బులోకి తొంగిచూసి "వేపుడుకి బాగుంటుందా?" అని అడుగుతున్నారు. పెద్దకర్మ అయ్యేదాకా ఇంట్లోకి నీసు రాకూడదన్నారు. అల్లుడుగారికి నీసు తప్ప గొంతు దిగదు. రోజురోజుకీ టక్కులు తగ్గి, నిన్నటికి అసలు లేవు.

"బందరు కాలవలో వదిలెయ్ వదినా, పుణ్యముంటుంది" అంది మా ఆడపడుచు.

"అది ఉప్పునీటి జీవి. మంచినీళ్ళలో వేస్తే చస్తుంది. ఏ పుణ్యమమ్మా అది?"

"అయితే నాన్న పోయిన ఇంట్లో దానికి విందా?"

ఇవాళ పొద్దున మార్కెట్‌కి వెళ్ళి ఒకే ఒక్క పచ్చిరొయ్య హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని వచ్చాను. ఆడపడుచు ముక్కు మూసుకుని "ఏంటొదినా ఆ వాసన?" అంది. "మీ నాన్నగారు పెట్టే ముద్ద. మైల నాకు తగిలితే తగలనీ" అని బాల్కనీ తలుపు వేసుకున్నాను.

చెంచాతో టబ్బు అంచు మీద కొట్టాను. చప్పుడు లేదు. మళ్ళీ కొట్టాను.

"అల్లుడుగారూ, మావగారు లేరు. టిఫిన్ నేనే తెచ్చాను."

అన్నాక ఏడుపొచ్చింది. చాలాసేపటికి గొట్టం అంచున మీసాలు కదిలాయి, తరవాత కళ్ళు వచ్చాయి. ఒక కన్ను నా చేతిలోని ముక్క వైపు తిరిగింది. రెండోది ఆయన కుర్చీ వైపు.