ఏడుపు రెజీనా

ఫిల్మ్ నగర్ డబ్బింగ్ థియేటర్లలో రెజీనా అంటే ఏ రెజీనా అని అడుగుతారు. ఏడుపు రెజీనా అంటే మాత్రం కుర్చీ తెచ్చి వేస్తారు.

తెర మీద హీరోయిన్ ఏడ్చిందంటే, ఆ పిల్ల ముంబై నుంచి వచ్చినా చండీగఢ్ నుంచి దిగినా, గొంతు మాత్రం మధురానగర్‌లో రెండో అంతస్తు వాటాలో ఉండే ఈ బాపట్ల మనిషిది. ఏడుస్తూ మాట్లాడటం ఎవరైనా చేస్తారు. కాకపోతే ముక్కుతో ఏడుస్తారు, సగం మాట మింగేస్తారు. రెజీనా ఏడిస్తే ఒక్క అక్షరం చెడదు. ఆమె ఏడుపు మాట పైన ఉండదు, మాట అడుగున ఉంటుంది. మొదటి మాటకు ఏమీ తెలియదు. నాలుగో మాటకు నోట్లో పల్లీ నమలడం ఆగుతుంది. సీను అయ్యేసరికి ఈలలు వేసే ముందు వరుసవాడు కూడా చొక్కాతో కళ్ళు తుడుచుకుంటాడు.

ఈ విద్య ఆమెకు ఎవరూ నేర్పలేదు. పెళ్ళై, లైట్‌మ్యాన్ శాంతరాజు వెంట హైదరాబాద్ వచ్చేనాటికి ఆమె చర్చిలో పాడే పిల్ల మాత్రమే. ఒకరోజు డబ్బింగ్‌కు రావలసిన ఆర్టిస్టు రాకపోతే, "మీ ఆవిడ పాడుతుంది కదయ్యా, పిలిపించు" అన్నారు. తండ్రి శవం ముందు కూతురు ఏడ్చే సీను. రెజీనా తండ్రిని సమాధి చేసి అప్పటికి ఏడాదైనా కాలేదు. ఆ రోజు మైకు ముందు నిలబడ్డ మనిషి మళ్ళీ వెనక్కి తిరిగి చూడలేదు. శాంతరాజు చనిపోయిన నెలలో కూడా వెళ్ళి, ఒక పెళ్ళి సీనుకు కిలకిలా నవ్వి వచ్చింది.

ఇంత చేసినా ఆమె పేరు తెర మీద ఎప్పుడూ పడలేదు. పడకపోతే ఏముందిలే అని ఆమె ఏనాడూ అనలేదు. ఆమెకు మంట. ఇప్పటికీ మంటే. కోపం వస్తే అరిచి మరిచిపోయే రకం కాదు రెజీనా. ఉప్పులో ఊరేసి జాడీలో పెట్టుకునే రకం. అలాంటి మనిషి జోలికి పోకూడదని శ్రీకృష్ణకు ఎవరూ చెప్పలేదు కాబోలు.

శ్రీకృష్ణ తండ్రి ఒకప్పటి నిర్మాత. రెజీనా ఆయన సినిమాలన్నిటికీ ఏడ్చింది. కొడుకు జూబ్లీహిల్స్ బంగళాలో పెరిగి, సినిమాలు వదిలి కంప్యూటర్లు పట్టుకున్నాడు. పిల్లలకు తెలుగు నేర్పే యాప్ ఒకటి మొదలుపెట్టి, ఒకరోజు పనిగట్టుకుని మధురానగర్ వచ్చాడు. వంటింటి ముందు స్టూలు మీద కూర్చుని, ఆమె పెట్టిన గారెలు తిన్నాడు.

"మన పిల్లలకి తెలుగు రావట్లేదు ఆంటీ. అమ్మ చదివి వినిపించినట్టు ఉండాలి. అలాంటి వాయిస్ మీది ఒక్కటే" అన్నాడు.

రెజీనా అక్కడ పడిపోయింది. ఆదివారం చర్చిలో పిల్లలకు పాఠం చెప్పేది ఆమే. తెలుగు పాటను ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని పాడే ఆ పిల్లల్ని చూసినప్పుడల్లా ఆమెకు ప్రాణం ఉసూరుమనేది. అందుకే ఒప్పుకుంది. పలక లాంటి కంప్యూటర్ మీద వేలితో సంతకం పెట్టమంటే, పార్సిల్ తెచ్చిన కుర్రాడికి పెట్టినట్టే పెట్టేసింది. ఆ వేసవంతా కోడిపిల్ల కథలు, కుందేలు కథలు, అఆలు, గుణింతాలు ముద్దుముద్దుగా చదివింది.

వానలు మొదలయ్యాక ఒక ఆదివారం, ఆరాధన ముగిశాక తెరెసా నవ్వుతూ ఎదురొచ్చింది. తెరెసా ఫిల్మ్ నగర్ కొండ కింద బస్తీలో ఉంటుంది. భర్త లేడు. ఉన్నదల్లా రెండు గదుల రేకుల ఇల్లు, దాని పట్టా.

"మీరు చెప్పారుగా అక్కా, అందుకే ఇంకేం ఆలోచించలేదు. ఫోన్‌కి వచ్చిన నంబరు చెప్పేశాను" అంది.

"నేనేం చెప్పానే?"

తెరెసా ఫోన్ తీసి, అందులో రికార్డయిన మాటలు వినిపించింది. "నమస్కారమండీ. ఆ పాత ఇంటి గురించి ఇక మీకు బెంగ అక్కర్లేదు. మీ స్థలం మాకు అప్పగించండి, మంచి ఫ్లాటు మీ చేతికిస్తాం. ఒప్పుకుంటే మీ ఫోన్‌కి వచ్చిన ఓటీపీ చెప్పండి తల్లీ." కోడిపిల్లను అమ్మ రెక్కల కిందికి పిలిచిన గొంతే అది. రెజీనా గొంతే. ఆ మాటలు మాత్రం రెజీనా జన్మలో అనలేదు.

చర్చి మెట్ల మీదే ఆగి, ఆమె ఆ మాటల్ని ఇంకోసారి పెట్టించుకుని వింది.

"అక్కా, మీరు కాదా?" తెరెసా ముఖంలో నవ్వు చెదిరిపోయింది.

"గొంతు నాదే తల్లీ. నేను కాదు."

ఆ క్షణాన తెరెసా ముఖం ఎలా ఉందో రెజీనా మరిచిపోలేదు. కోపంగా చూసినా బాగుండేది. తెరెసా కోపంగా చూడలేదు, అక్క మాట నమ్మినందుకు తననే తాను తిట్టుకుంది. రెజీనాకు సిగ్గుతో ఒళ్ళంతా దహించుకుపోయింది.

కింది వాటాలో ఉండే లాయరు అరుణజ్యోతి, శ్రీకృష్ణ ఒప్పందాన్ని ఫోన్‌లో తెరిచి అంతా చదివింది.

"అమ్మా, సాఫ్‌గ రాసుకున్నరు. మీరు సదివిన గొంతు వాళ్లదే, దాంతోని మిషిన్ తయారుజేసిన గొంతు గూడ వాళ్లదే. అమ్ముకోవచ్చు, కిరాయికి ఇచ్చుకోవచ్చు."

"నా గొంతు కిరాయికా?"

"కొట్లాడొచ్చు. మనిషి గొంతు ఎవరి ఆస్తి అని ఇప్పుడు గదే లొల్లి నడుస్తుంది అంతట. తెరెసమ్మ ఓటీపీ చెప్పుడు సంతకం వెట్టినట్టే అయింది, గా కేసు గూడ ఏద్దాం. కానీ కోర్టంటే ఏండ్లు వడ్తది. గా బిల్డరు బుల్డోజరు గన్నేండ్లు ఆగుతదా?"

మర్నాడు రెజీనా జూబ్లీహిల్స్‌లో శ్రీకృష్ణ ఆఫీసుకు వెళ్ళింది. గారెలు తిన్ననాటి ఆంటీ ఆ అద్దాల గదిలో మేడమ్ అయిపోయింది.

"లీగల్‌గా ఆ వాయిస్ మా ఎసెట్ మేడమ్. మీరు చదివింది మీరు చదివారు. అది మాట్లాడేది అది మాట్లాడుతుంది" అన్నాడు.

"తెరెసా ఇల్లు పోతోంది బాబూ."

"ఆ బిల్డర్ మా బావే. వాళ్ళ బిజినెస్ వాళ్ళది. ఓటీపీ ఆవిడే చెప్పింది కదా." తర్వాత నవ్వాడు. "అయినా మీ వాయిస్ వినగానే నమ్మేశారంటే, అది మీకు కాంప్లిమెంట్ మేడమ్."

అరవాలని వెళ్ళిన రెజీనా అరవలేదు. ఆ నవ్వు దగ్గరే జాడీ మూత బిగించింది. అతని మాట ఇంకా అయిపోలేదు. అన్ని బళ్ళలో తెలుగు తప్పనిసరి అంటున్నారు, పెద్ద పెద్ద ఇంగ్లీషు స్కూళ్ళు యాప్ అడుగుతున్నాయి, కానీ పెద్ద కథ చదవమంటే మిషన్ చప్పగా చదువుతోంది, అది మిమ్మల్ని విని నేర్చుకోవడానికి ఇంకొన్నాళ్ళు రికార్డింగ్ కావాలి, హ్యాపీగా, నవ్వుతూ చదవాలి అని చెప్పుకుపోయాడు.

"మీరు కోపంలో ఉన్నారు. వస్తారో రారో..."

"ఎందుకు రాను బాబూ? నవ్వుతూనే చదువుతాను" అంది రెజీనా.

రికార్డింగ్ ఫిల్మ్ నగర్ స్టూడియోలో. అద్దం అవతల కూర్చునేది భిక్షం. ఆమె ఏడుపులు సగం రికార్డు చేసినవాడు అతనే. వాక్యాలు ఒక్కొక్కటే తెర మీద పడేవి. కథలో ముక్క ఒకటి, పాఠంలో ముక్క ఒకటి, వరసా వావీ లేకుండా. చదివిన ముక్కల్ని ఆఫీసు కుర్రకారు తలా కాసిని పంచుకుని, తెర మీది మాటలే పలికిందా లేదా చూసి టిక్కు పెడతారని భిక్షమే చెప్పాడు.

"మరి కథంతా ఒక్కచోట ఎవరు వింటారు?" అంది రెజీనా, మంచినీళ్ళు తాగుతూ.

"ఎవ్వలు ఇనరమ్మా. గంత తీరిక ఎవ్వలికి?"

ఇంకేం కావాలి! ఆమె మైకు ముందుకు వచ్చి నవ్వు ముఖం పెట్టింది. 'కోడిపిల్ల అమ్మ దగ్గరికి పరుగెత్తింది' అని తెర మీద పడింది. చర్చి మెట్ల మీద తెరెసా ముఖాన్ని తలచుకుని, దాన్ని ఆ మాట అడుగున పెట్టి చదివింది. పైకి పంచదార. 'రండి పిల్లలూ, ఆడుకుందాం' అని పడింది. దాని కింద శాంతరాజు శవపెట్టె మీద పడ్డ మొదటి మట్టిని పెట్టింది. ఒక్క ముక్క వింటే ఎవరూ వంక పెట్టలేరు. ముద్దుగా ఉంది, స్పష్టంగా ఉంది, నవ్వుతూనే ఉంది.

మధ్యాహ్నానికి భిక్షం చెవుల మీది హెడ్‌ఫోన్లు తీసేశాడు. అతని కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"అమ్మా, గిది మీ పాత పనే గదా?"

అతను ఫోన్ ఎత్తి ఒక్క మాట చెబితే అంతా అక్కడితో సరి. ఆమె అద్దంలోంచి అతన్నే చూస్తూ నిలబడింది.

భిక్షం తెర వంక చూశాడు, ఆమె వంక చూశాడు. "తెర మీద ఉన్నట్టే సదివిన్రా లేదా సూడుమన్నరు నన్ను. మాటలు సరిగ్గనే ఉన్నయి" అని హెడ్‌ఫోన్లు మళ్ళీ తగిలించుకున్నాడు.

దసరా సెలవుల తర్వాత జూబ్లీహిల్స్‌లో ఒక పెద్ద బడి ఆడిటోరియంలో యాప్ ప్రారంభం జరిగింది. రెజీనా అడిగి మరీ పిలిపించుకుంది. తెరెసాను వెంటబెట్టుకుని చివరి వరుసలో కూర్చుంది. ముందు నేల మీద పిల్లలు, వెనక ఫోన్లు ఎత్తి పట్టుకున్న తల్లిదండ్రులు, వేదిక మీద మెరిసే కోటులో శ్రీకృష్ణ. "లెట్స్ లిజన్ టు అవర్ తెలుగు అమ్మ" అని మీట నొక్కాడు.

కథ మొదలైంది. కోడిపిల్ల పరుగెత్తింది, పిల్లలు నవ్వారు. కోడిపిల్లకు గింజ దొరికింది, పిల్లలు మెదలకుండా విన్నారు. కోడిపిల్ల అమ్మతో కలిసి హాయిగా నిద్రపోయింది అనేసరికి ముందు కూర్చున్న బుడ్డోడి పెదవి వణికింది. వాడు లేచి వెళ్ళి అమ్మ ఒళ్ళో తల దాచుకున్నాడు. వాడి వెనక ఇంకొకడు. తర్వాత హాలంతా బావురుమంది. కథలో ఎవరూ చావలేదు, ఎవరూ తప్పిపోలేదు. అయినా ఒక నాయనమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. మిషన్ మాత్రం ఆగలేదు. "రండి పిల్లలూ, ఆడుకుందాం" అని శవాన్ని లేపుతున్నట్టు పిలిచింది. ప్రిన్సిపల్ పరుగెత్తుకెళ్ళి తీగ పీకేసింది.

రెజీనాకు కడుపు నిండిపోయింది. అబద్ధమెందుకు, అంత తృప్తి ఆమెకు ఏ సినిమా వందరోజుల పండగలోనూ కలగలేదు.

అంతలో పక్క వరుసలో ఒక తల్లి, "ఐ టోల్డ్ యూ, తెలుగు ఈజ్ సో డిప్రెసింగ్. మావాడికి ఫ్రెంచే ఇప్పిస్తాను" అంది. అది రెజీనాకు చురుక్కున తగిలింది. మధ్యలో తెలుగేం పాపం చేసింది? ఆ పసివాళ్ళేం చేశారు? కాసేపు తల దించుకుంది. కానీ పక్కనే ఉన్న తెరెసా చెయ్యి చేతికి తగిలేసరికి మళ్ళీ ఎత్తింది.

పిల్లల కథతో ఆగితే శ్రీకృష్ణ ఎలాగో సర్దుకునేవాడు. అప్పటికే కొత్త గొంతును బిల్డరు బావగారి ఫోన్లకు కూడా ఎక్కించాడు. "మీ స్థలం మాకు అప్పగించండి" అని వినగానే బస్తీలో జనం ఎవరు పోయారని అడిగారు. అశుభం అని కొందరు ఫోన్ విసిరికొట్టారు. ఆ వారంలో ఒక్కరు కూడా ఓటీపీ చెప్పలేదు. స్కూళ్ళు ఒకదాని వెంట ఒకటి వద్దనేశాయి.

శ్రీకృష్ణ మెట్లెక్కి వచ్చి అదే స్టూలు మీద కూర్చున్నాడు. ఈసారి గారెల్లేవు.

"ఆంటీ, ప్రాబ్లమ్ ఎక్కడుందో దొరకట్లేదు. ఒక్కొక్క లైన్ వింటే బానే ఉంది."

"మాటలు సరిగ్గానే ఉన్నాయా?"

"ఉన్నాయి."

"మరింకేం బాబూ?"

అతనికి అప్పుడు అర్థమైంది. ముఖం ఎర్రబడింది, కానీ ఏమని కేసు పెడతాడు? ఇమ్మన్నది ఆమె ఇచ్చింది, చదవమన్నది చదివింది. ఆ కాగితంలో గొంతు వాళ్ళదని ఉంది. ఏడుపు ఎవరిదో రాసుకోలేదు.

"మళ్ళీ చదవండి ఆంటీ, ప్లీజ్. ఏం కావాలన్నా చేస్తాను."

"మీ దగ్గరున్న నా గొంతంతా చెరిపెయ్యి, పాతదీ కొత్తదీ. తెరెసా ఇల్లు మాకొద్దని మీ బావ చేత సంతకం పెట్టించుకురా. చదివే సంగతి తర్వాత చూద్దాం."

రెండూ చేసుకుని వచ్చాడు. అరుణజ్యోతి అటూ ఇటూ తిప్పి చూసి, "సక్కగనే ఉందమ్మా. ఇంక ఫికర్ లేదు" అంది. తెరెసా ఆ కాగితాన్ని గుండెకు హత్తుకుంది.

"ఇప్పుడు చదువుతారా ఆంటీ?" అన్నాడు శ్రీకృష్ణ.

"ముందు తెరెసాకి క్షమాపణ చెప్పు. నా గొంతుతో కాదు, నీ గొంతుతో."

"సారీ ఆంటీ" అన్నాడు తెరెసా వైపు తిరిగి.

"తెలుగులో."

"క్షమించండి. తప్పయిపోయింది."

రెజీనా థియేటర్లో కూర్చున్నట్టు కళ్ళు మూసుకుని వింది. "మాటలు సరిగ్గానే ఉన్నాయి. లోపల ఏమీ లేదు. ఇంకోసారి."

మళ్ళీ చెప్పాడు. ఇంకోసారి అంది. మళ్ళీ చెప్పాడు. తెరెసాకు జాలేసింది.

"పోనీలే అక్కా, నేను క్షమించేశాను. వదిలెయ్యండి."

"క్షమించడం నీ పని తల్లీ. టేక్ ఓకే చెయ్యడం నా పని" అంది రెజీనా.

శ్రీకృష్ణ తల వంచుకున్నాడు. అవమానమో, ఇన్నాళ్ళ అలుపో, "క్షమించండి... తప్పయి..." అంటూ నిజంగానే వెక్కి వెక్కి ఏడ్చాడు.

రెజీనా కళ్ళు తెరిచి అతని ముఖంలోకి చూసింది.

"ముక్కుతో ఏడుస్తున్నావు బాబూ. మాట చెడింది. ఇంకోసారి."