అనుమానాల ప్లీడరు మామ

పుంగనూరులో మా మేనమామ పోయారని పొద్దున్నే ఫోన్ వచ్చింది. అంగడిలో పాలు పొయ్యి మీదున్నాయి. పొయ్యి ఆర్పి, షట్టరు దించి, మదనపల్లె బస్టాండుకు నడిచాను.

ఆయన సివిల్ కేసుల ప్లీడరు. ఎవరినీ నమ్మేవారు కాదు. టమోటాలు కొన్నా బాక్సు అడుగుదాకా చెయ్యి పెట్టి చూసేవారు. ఆటో డ్రైవరు నవ్వుతూ పలకరిస్తే, "వీడు యాల నవ్వతాండాడు?" అని నా చెవిలో అడిగేవారు. "సంతకానికి ముందర అనుమానపడితే, తర్వాత నిద్ర పడతాది పాపా" అనేవారు.

కొన్నేళ్ళ కిందట నేను టీ అంగడి పెట్టాలనుకున్నాను. బెంగళూరు కంపెనీ ఒకటి తన పేరుతో అంగడి నడుపుకోమని ఫ్రాంచైజీ ఇస్తానంది. పెట్టుబడికి బ్యాంకు అప్పు, అప్పుకు నా ఇల్లు తనఖా. కంపెనీ మనిషి కాగితాలతో వస్తే మామను పిలిపించాను.

"అంగడి నడవకపోతే?" అని అడిగారు మామ.

"మంచి బ్రాండు సార్, నడుస్తుంది."

"నడవకపోతే అంటాండా."

"అప్పు మేడమ్‌ది కదా సార్. మేమిచ్చేది పేరు మాత్రమే."

"ఈ ఊర్లో ఇంకెవురికీ ఆ పేరు అమ్మబోమని రాసిస్తారా?"

ఆ మనిషి ఫోన్ చూసుకున్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఆడమనిషి సొంతంగా వ్యాపారం చేయడం ఈయనకు గిట్టదేమో అనుకున్నాను. ముఖం మీదే అనేశాను కూడా.

"మంచిది, నన్నూ నమ్మొద్దు. కుప్పంలో ఈ కంపెనీ అంగడే ఒకటుండాదంట. పోయి సూద్దాం పా" అన్నారు.

కుప్పంలో ఆ అంగడికి తాళం వేసి ఉంది. నడిపినామె ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాం. టీపొడి మొదలు కప్పులదాకా కంపెనీ చెప్పిన ధరకే కొనాలట. గిరాకీ పెరిగేసరికి పక్క వీధిలో అదే పేరుతో ఇంకొకరికి అంగడి ఇచ్చారట. ఆమెకు అప్పు మిగిలింది. ఆ అప్పుకు జామీను ఉన్న తమ్ముడు ఆమెతో మాట్లాడడం మానేశాడు.

మామ ఆమెనూ వదల్లేదు. "నిజం సెప్పమ్మా. బంగారం యాడన్నా దాసినావా? బంధువుల పేర్న ఏమన్నా రాసినావా?"

ఆమె విసురుగా లేచి బీరువా బార్లా తెరిచింది. "సూసుకోప్పా! ఏముండాదో నువ్వే సూసుకో!"

మామ నిజంగానే వెళ్ళి చూశారు. నేను సిగ్గుతో తల వంచుకున్నాను. ఆయన వచ్చి కూర్చుని, "ఐపీ పెడదాం" అన్నారు. అప్పు తీర్చలేనని కోర్టుకు చెప్పుకుని, ఉన్నదేదో అప్పులవాళ్ళకు పంచమనడమే ఐపీ.

"ఐపీ పెట్టిందని ఊరంతా ఉమ్ముతారప్పా."

"దాసిపెట్టి ఎగ్గొట్టేది తప్పు. ఉండేది సూపించి, ఇంక లేదనేది తప్పు కాదు. కేసు నేను సూస్తా. ఫీజు వద్దు."

ఆమె కళ్ళు చిట్లించింది. "ఫీజు యాల వద్దంటాండావు?"

మామ ముఖంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు. "ఈ మాట ఆ కంపెనీవోళ్ళను అడిగుంటే బాగుండు గదమ్మా! నీ మాట విన్నందుకు మా పాప ఇల్లు మిగిలింది. ఫీజు ముట్టినట్టే."

నేను సంతకం పెట్టలేదు. నా పేరుతోనే చిన్న అంగడి తెరిచాను. ఆ కేసు ఏళ్ళు నడిచి, చివరికి కోర్టు ఆమెను అప్పుల నుంచి విడిపించింది. జామీను ఉన్న తమ్ముడిని మాత్రం బ్యాంకు వదల్లేదు. అతని కంతులు ఆమే ఇడ్లీలమ్మి తీరుస్తోంది.

పుంగనూరులో మామ ఇంటి ముందు షామియానా కింద ఆమె కనిపించింది. "ఎవురమ్మా నువ్వు?" అని అత్త అడిగింది.

"కుప్పంలో ఐపీ పెట్టినామెను. పెట్టించింది ఈయప్పే" అంది, గొంతు తగ్గించకుండా.

నల్లకోట్లవాళ్ళు తిరిగి చూశారు. ఆమె కొంగు దోపుకుని, బిందె నింపుకుని, ఎండలో నిలబడినవాళ్ళకు గ్లాసుతో నీళ్ళందిస్తూ వీధి చివరిదాకా వెళ్ళింది.